ట్రాంపొలిన్ మీద పక్కవాళ్ల బరువు

గచ్చిబౌలి వైపు ఒక ట్రాంపొలిన్ పార్కులో, అంటే స్ప్రింగులతో బిగించిన గుడ్డల మీద గెంతే చోట, పుట్టినరోజు వేడుక. మా చెల్లెలి కూతురికి నాలుగేళ్లు. వాళ్ల బాబాయి పక్కనే నిలబడి ఒక్క గెంతు గెంతాడు. పాప పేలపు గింజలా పైకి లేచి కాళ్ల మీదే దిగింది, వెంటనే ఏడుపు అందుకుంది. వాపు లేదు, గీరుకున్న గుర్తు కూడా లేదు. బెణికి ఉంటుందని నూనె రాసి పడుకోబెట్టారు. మర్నాడు కాలు కింద పెట్టనంది. ఎముకల డాక్టరు మొదట అడిగింది పాప ఎక్కడి నుంచి పడిందని కాదు, పక్కన పెద్దవాళ్లెవరైనా గెంతారా అని! ఎక్స్‌రేలో మోకాలికి కాస్త కింద వెంట్రుకలాంటి గీత. మూడు వారాలు పిండికట్టు.

రెండేళ్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో ఇది ఎంత తరచుగా కనిపిస్తుందంటే, వైద్యులు దీన్ని ట్రాంపొలిన్ ఫ్రాక్చర్ అనే పిలుస్తారు. బరువైన మనిషి అణచిన గుడ్డ తిరిగి పైకి లేస్తున్న క్షణంలోనే పాప కిందికి దిగితే, మెత్తగా ఒదగాల్సిన గుడ్డే గట్టిగా ఎదురొచ్చి తగులుతుంది. ఆ దెబ్బ లేత ఎముక మీద పడుతుంది. పడిపోనక్కర్లేదు.

అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2012లో చెప్పిన లెక్కలూ ఇటే చూపిస్తున్నాయి. దెబ్బల్లో దాదాపు 75 శాతం ఒకరి కంటే ఎక్కువమంది ఎక్కినప్పుడు తగిలినవే. అందులోనూ అందరికంటే చిన్నవాళ్లకు ముప్పు 14 రెట్ల దాకా ఎక్కువ. బయటికి పడిపోవడం వల్ల తగిలినవి 27 నుంచి 39 శాతమే. మరి మనం ధైర్యం తెచ్చుకునేది దేన్ని చూసి? చుట్టూ కట్టిన వలను చూసి. పెద్దవాళ్లు కనిపెట్టుకుని ఉన్నారనే భరోసా కూడా అంతంతమాత్రమే. మూడో వంతు నుంచి సగం దాకా దెబ్బలు వాళ్ల కళ్లెదుటే తగిలాయి. పిల్లిమొగ్గల సంగతి వేరు, అక్కడ పోయేది మెడ.

ఆ లెక్కలు ప్రధానంగా పెరటి ట్రాంపొలిన్లవి. అక్కడ ఒక్కొక్కరే ఎక్కండని తల్లి గదమాయించగలదు. మన అపార్టుమెంట్లలో పెరడే లేదు. మనకు ట్రాంపొలిన్ అంటే గంటకు ఇంతని టికెట్టు కొని వెళ్లే చోటు. పుట్టినరోజు ప్యాకేజీలో అమ్మేదే అందరూ కలిసి గెంతే సరదా, అంటే ప్రమాదానికి మూలమైనదే అక్కడి సరుకు. లోపలికి వెళ్లేముందు జారని మేజోళ్లు ఇస్తారు, ఏం జరిగినా బాధ్యత మాది కాదన్న కాగితం మీద సంతకం తీసుకుంటారు. ఆ కాగితాన్ని చదివిన తండ్రిని నేనింతవరకు చూడలేదు, నాతో సహా.

పార్కులో ఒక్కో గుడ్డ చదరం మీద ఒక్కరే ఉండాలి. ఆరేళ్ల లోపు వాళ్లను, నా మటుకు నేనైతే, ఎక్కించనే వద్దంటాను. ఎక్కించి తీరతామంటే వాళ్లకు వేరే చోటు, వేరే వేళ ఉండాలి. దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు, ఈల వేసి దించే మనిషి చాలు. వ్యాపార లైసెన్సు ఇచ్చేటప్పుడే నగరపాలక సంస్థ ఈ షరతు పెట్టవచ్చు. టికెట్లు తగ్గుతాయని యజమానులు గొణుగుతారు, గొణగనివ్వండి.

పాప కట్టు విప్పిన వారానికే మరో పుట్టినరోజు పిలుపు వచ్చింది, ఇంకో పార్కులో. ఫోను చేసి, ఒక చదరం మీద ఎంతమందిని ఎక్కనిస్తారని అడిగాను.

“మీ ఇష్టం సార్, ఎంతమందైనా ఎక్కవచ్చు” అంది అవతలి గొంతు, ఎంతో మర్యాదగా.