తేనెటీగకి ఏమీ కాని పురుగుమందు: పెప్టైడ్ అరిగిపోవడమే మనకి కావాల్సింది

సాలీడు విషంతో పురుగుమందు అనగానే చాలామందికి ఒళ్ళు జలదరిస్తుంది గానీ, ఇప్పుడు మార్కెట్లో ఉన్న చాలా మందులతో పోలిస్తే ఇది సాధుజంతువే. ఆస్ట్రేలియాలో బ్లూ మౌంటెన్స్ దగ్గర ఉండే ఫనెల్ వెబ్ సాలీడు విషంలో బోలెడన్ని పెప్టైడ్లు ఉంటాయి, మనుషులకి ప్రమాదమయ్యేవి వేరు, పురుగుల మీద మాత్రమే పనిచేసేవి వేరు. ఆ రెండో రకంలో ఒకదాన్ని, అంటే నలభై లోపు అమైనో ఆమ్లాలున్న బుల్లి ప్రొటీన్ ముక్కని, ఈస్ట్‌తో తయారు చేయించి అమెరికాలో వెస్టారాన్ అనే కంపెనీ స్పియర్ పేరుతో అమ్ముతోంది, 2020లో దీనికి అక్కడ గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు కూడా వచ్చింది. సాలీళ్ళని పట్టుకుని విషం పిండుతున్నారేమో అని కంగారు పడక్కర్లేదు లెండి.

మరి పురుగు చచ్చి తేనెటీగ ఎలా బతుకుతోంది? దీనికి అందరూ చెప్పే జవాబు ఒకటే, పెప్టైడ్ చాలా కచ్చితంగా ఒక్క రిసెప్టర్‌కే, అంటే కణం మీద దాన్ని పట్టుకునే ఒక్క చోటుకే అతుక్కుంటుంది, తేనెటీగ రిసెప్టర్ వేరు, అంతే అని. ఇది అబద్ధం కాదు. ఇంకో సాలీడు పెప్టైడ్ డీసీ1ఏ ఉంది, అది జర్మన్ బొద్దింక మీద గట్టిగా పనిచేస్తుంది, అమెరికన్ బొద్దింకని పెద్దగా ఏమీ చెయ్యలేదు, కారణం నరాల కణంలోకి సోడియం వెళ్ళే ద్వారంలో, అంటే సోడియం ఛానెల్‌లో చాలా చిన్న తేడా. బొద్దింకకీ బొద్దింకకీ మధ్యే అంత తేడా పట్టగలిగితే గొంగళిపురుగుకీ తేనెటీగకీ మధ్య పట్టలేదా అనిపిస్తుంది, ఆశ సహజమే.

కానీ స్పియర్‌లో ఉన్న పెప్టైడ్ కథ చూడండి. దాని శాస్త్రీయ నామంలో ఒమేగా, కప్పా అని రెండు గ్రీకు అక్షరాలు ఉంటాయి, ఎందుకంటే మొదట్లో అది కాల్షియం, పొటాషియం ఛానెళ్ళ మీద పనిచేస్తుందనుకున్నారు, తర్వాత తేలిందేంటంటే అసలు టార్గెట్ నికోటినిక్ రిసెప్టర్ అని. అదే రిసెప్టర్‌ని నియోనికోటినాయిడ్లు (ముద్దుగా నియోనిక్‌లు) అనే రసాయన పురుగుమందులు కూడా పట్టుకుంటాయి, పట్టుకునే చోటు మాత్రం వేరు. తేనెటీగలకి ముప్పు అని 2018లో యూరప్ పొలాల్లో మూడు నియోనిక్‌లని బ్యాన్ చేసిందే, ఆ కుటుంబమే. అంటే రిసెప్టర్ పేరు చూసి ఇది మంచిది, అది చెడ్డది అని చెప్పలేం.

నా ఉద్దేశంలో అసలు తేడా మందు ఒంట్లోకి వెళ్ళే దారిలో ఉంది. నియోనిక్ చిన్న అణువు, మొక్క పీల్చుకుని ఆకుకీ పువ్వుకీ పుప్పొడికీ మకరందానికీ పంపిస్తుంది, తేనెటీగ ఎక్కడ మూతి పెట్టినా తగులుతుంది. పెప్టైడ్ దానికి పదిహేను రెట్లకి పైనే బరువు, ఆకు మీద స్ప్రే చేస్తే అక్కడే ఉంటుంది, పురుగు తిన్నా పేగు గోడ దాటడం కష్టం. అందుకే స్పియర్‌ని గొంగళిపురుగుల మీద బీటీ అనే బాక్టీరియా మందుతో కలిపి కొడతారు, బీటీ పేగుకి చిల్లులు పెడితే పెప్టైడ్ ఆ సందులోంచి లోపలికి దూరుతుంది. తేనెటీగ ఆకు నమలదు, గొంగళికి పనిచేసే బీటీ దాని పేగుని ఏమీ చెయ్యదు. సీతాకోకచిలుకల సంగతేంటి అని అడిగితే మాత్రం ఇబ్బందే, వాటి పిల్లలు కూడా గొంగళిపురుగులే కదా, పువ్వుల మీద వాలేది తేనెటీగ ఒక్కటే అన్నట్టు మాట్లాడేస్తాం మనం.

ఇక్కడే నాకు అనుమానం మొదలవుతుంది. పేగు దాటకపోవడం, త్వరగా విరిగిపోవడం, మొక్కలోపలికి పాకకపోవడం, ఈ మూడూ తేనెటీగకి రక్షణ, కంపెనీకి తలనొప్పి. కాబట్టి పరిశోధనలో డబ్బు ఎటు పోతుందంటే సరిగ్గా ఆ మూడింటినీ తీసేయడం మీదకే. బ్రిటన్‌లో స్నోడ్రాప్ అనే పూలమొక్కలోని లెక్టిన్ అనే ప్రొటీన్‌కి సాలీడు పెప్టైడ్‌ని అతికించారు, లెక్టిన్ దాన్ని పేగు దాటిస్తుంది. 2014లో దాన్ని తేనెటీగలకి తినిపించి చూస్తే వాటి జ్ఞాపకశక్తి, నేర్చుకునే తీరు ఏమీ చెడలేదు, లార్వాలైతే కడుపులోనే దాన్ని అరిగించేసుకున్నాయి. మంచి ఫలితమే, పైగా చచ్చిందా బతికిందా అని మాత్రమే కాకుండా బుర్ర పనిచేస్తోందా అని చూడటం నాకు బాగా నచ్చింది. అయితే లార్వాని కాపాడింది ఏంటి, అరగడమే కదా. రేపు ఎవరో అరగని వెర్షన్ తెచ్చి పాత టెస్టు చూపించి తేనెటీగలకి సేఫ్ అని లేబుల్ వేస్తే?

శంఖపుష్పం మొక్క సారంతో ఆస్ట్రేలియాలో సీరో ఎక్స్ అనే మందు వచ్చింది, ఆ మొక్కలో ఉండే సైక్లోటైడ్లు రెండు కొసలూ కలిసిపోయిన గుండ్రటి పెప్టైడ్లు, మధ్యలో గంధకపు ముడులు, అంత తేలిగ్గా విరగవు. అలా అని గట్టిదనం దానంతటదే ప్రమాదం అని కాదు నేననేది, గట్టిదనం మారిన ప్రతిసారీ లెక్క మళ్ళీ మొదటినుంచీ వేయాలి అని. లెక్క కూడా ఒక్క తేనెటీగ మీదే వేస్తే సరిపోదు, ప్రపంచంలో 20,000 పైగా తేనెటీగ జాతులున్నాయి, వాటిలో చాలావరకు ఒంటరిగా మట్టిలో గూడు కట్టుకునేవే, వాటి పేగులో ఏది ఎంతసేపటికి అరుగుతుందో పెంపుడు తేనెటీగని చూసి ఊహించడం కుదరదు. ఇంకోటి, పొలంలో పడేది ఉత్త పెప్టైడ్ కాదు, బీటీ, జిగురు, ఇంకో రెండు మందులు కలిపిన ట్యాంకు నీళ్ళు, టెస్టు చెయ్యాల్సింది ఆ నీళ్ళని.