కష్టం చెప్పుకోండి, కాపీ ఆఫీసులో ఇవ్వండి

ఇప్పుడే బడి నుంచి వచ్చాను. అవును, రెండో శనివారం నాడే. పిల్లలకు సెలవు, మాకు మాత్రం మానసిక ఉల్లాసం. హాజరు తప్పనిసరి, రానివారికి ఒక రోజు జీతం కోత. మనసు తేలిక చేసుకోవడానికి రాకపోతే పర్సు తేలిక చేస్తారన్నమాట. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, చెమటలు కక్కుతూ వెళ్లి ఉల్లాసపడి వచ్చాను.

కార్యక్రమం పేరు 'తోటివారికి తోడు'. టీచర్లందరినీ జంటలుగా చేసి, ఇకపై మీరు ఒకరికొకరు 'బడ్డీ'లు అని ప్రకటించారు. జంటలను మేము ఎంచుకోలేదు, ఇన్విజిలేషన్ డ్యూటీలు వేసినట్టు ఆఫీసే వేసింది. నా బడ్డీ ఎవరో తెలుసా? మా అకడమిక్ కోఆర్డినేటర్! నా లెసన్ ప్లాన్ మీద ఎర్ర ఇంకు గీతలు పెట్టేది ఆవిడే, ఏడాది చివర నా ఇంక్రిమెంటు కాగితం మీద సంతకం చేసేదీ ఆవిడే. పదిహేను రోజులకోసారి ఆవిడ ఎదుట కూర్చుని, ఈ ఉద్యోగం మీద నాకు ఎందుకు విసుగు పుడుతోందో మనసు విప్పి చెప్పాలట. విన్నాక ఆవిడ ఫారం నింపుతారు. నిద్ర ఎలా ఉంది, చిరాకు ఎంత, 'సంస్థ పట్ల అనుబంధం' ఐదుకు ఎన్ని మార్కులు.

ఈ ఫారాలు ఎవరు చూస్తారని సోషల్ మేడం లేచి అడిగారు. "ఆఫీసులో భద్రంగా ఉంటాయండీ" అని జవాబు. మా డిగ్రీ, బీఈడీ ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా అదే ఆఫీసులో, అదే బీరువాలో ఏళ్ల తరబడి భద్రంగా ఉన్నాయి. మానేద్దామనుకున్న వారిని అడగండి, ఆ భద్రత ఎంత గట్టిదో చెబుతారు.

ఒక టీచరు బాధ మరో టీచరుకు అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థం కాదు, కాబట్టి ఆలోచనను తప్పు పట్టను. కానీ దానికి కొన్ని మర్యాదలున్నాయి. వినేవారు మన పైఅధికారి కాకూడదు. ఎవరితో మాట్లాడాలో మనమే ఎంచుకోవాలి, వద్దనుకుంటే మానేయగలగాలి. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే తప్ప, విన్న మాట గడప దాటకూడదు. వినేవారికి శిక్షణ ఉండాలి, తమ వల్ల కానప్పుడు డాక్టరు దగ్గరికి పంపడం తెలియాలి. ఇదంతా బడి వేళల్లో జరగాలి. మా వాళ్లు వీటన్నిటినీ పక్కన పెట్టి బ్యానర్ మాత్రం కట్టారు.

పోయిన టర్ములో ప్రైమరీలో దీన్ని 'ప్రయోగాత్మకంగా' నడిపారు. అక్కడి టీచరు ఒకావిడ, వాళ్ల అమ్మకు డయాలసిస్ జరుగుతోందని, రాత్రిళ్లు నిద్ర ఉండడం లేదని బడ్డీ దగ్గర ఏడ్చింది. వారం తిరగకుండానే ప్రిన్సిపల్ పిలిచి, ఎంతో ప్రేమగా, "ఇంట్లో ఇబ్బందులున్నాయట కదమ్మా, క్లాస్ టీచర్ బాధ్యత తీసేస్తున్నాం, కాస్త విశ్రాంతి తీసుకోండి" అన్నారు. ఆవిడతో పాటు ఆవిడ అలవెన్సూ విశ్రాంతి తీసుకుంది. ఇప్పుడు ఎలా ఉన్నారని ఎవరు అడిగినా "సూపర్ అండీ" అంటోంది. కార్యక్రమం విజయవంతమైందని ఈ రోజు తెర మీద చూపించిన గ్రాఫులో ఆ 'సూపర్' కూడా ఉంది.

ఇంతకీ మాకు తోటివారి తోడు ఇదివరకు లేదా? ఉండేది. స్టాఫ్ రూమ్ అనేవాళ్లం. రెండో అంతస్తు చివర, గీరుమనే ఫ్యాను కింద టిఫిన్ డబ్బా మూతల్లో గోంగూర పచ్చడి పంచుకుంటూ, పదో తరగతి పిల్లవాడి తండ్రి ఫోనులో తిట్టిన తిట్లు ఒకరికొకరు అప్పజెప్పుకుని, కడుపారా నవ్వుకుని మళ్లీ తరగతులకు వెళ్లేవాళ్లం. మ్యాథ్స్ సర్ భార్య పోయినప్పుడు ఆయన నోట్సు కరెక్షన్ అంతా మేం పంచుకున్నది ఆ గదిలోనే. ఆ గదిని రోబోటిక్స్ ల్యాబ్ చేశారు. ఇప్పుడు లీజర్ పీరియడ్ దొరికితే, సబ్‌స్టిట్యూషన్ పడకపోతే, ఎవరి తరగతి వెనక బెంచీలో వాళ్లు కూర్చుని దిద్దుకోవాలి. ఇద్దరం వరండాలో నిలబడితే చాలు, కెమెరాలో చూసి ఆఫీసు నుంచి ఫోను. అలా నోళ్లు కట్టేసిన వాళ్లే, ట్రైనరుకు డబ్బులిచ్చి మాకు మాట్లాడుకోవడం నేర్పిస్తున్నారు. రోబో మాత్రం ఇంతవరకు రాలేదు.

పైగా 'సిబ్బంది' కార్యక్రమమట. ఆయాలు, బస్సు డ్రైవర్లు, వాచ్‌మన్ సిబ్బంది కారా? మా ఆయమ్మ ఈ రోజు వచ్చింది, మాకు సమోసాలు పంచడానికి. ఎల్‌కేజీ పిల్లల వాంతులు ఎత్తే మనిషికి మనసు ఉండదని ఎవరు తేల్చారో!

సర్కారు బడిలో అయితే హాయి కదా అనకండి. మా వదిన ఎస్‌జీటీ, అంటే సర్కారు ప్రైమరీ బడి టీచరు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ఏమంటుంది? జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధం లేని పనులకు టీచర్లను వాడవద్దంటుంది. 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వే కోసం ప్రైమరీ స్కూళ్లను ఒంటిపూటకు కుదించి వాళ్లను గుమ్మాల వెంట తిప్పారు. "మా ఆస్తులతో నీకేం పనమ్మా" అని ఒకాయన మా వదినను మెట్ల మీదే నిలబెట్టి గద్దించాడు. ఆవిడకు ఏ బడ్డీని ఇచ్చారు? అదే చట్టంలో టీచరుకు వారానికి కనీసం 45 గంటల పని అని ఉంది, పాఠం తయారు చేసుకునే సమయం కూడా కలిపి. మాకు ఆ తయారీ అంతా కుక్కర్ విజిళ్ల మధ్యే.

నిజంగా నిద్ర పట్టనివారు 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, 2022 అక్టోబరు నుంచి ఉంది. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. కోఆర్డినేటరుకు ఫారం వెళ్లదు. మన హైదరాబాదులో మానసిక ఆసుపత్రి ఉన్న 'ఎర్రగడ్డ' అంటే చాలు వెకిలి నవ్వులు. పోయినేడు స్టాఫ్ మీటింగులో మా కరస్పాండెంటే అన్నారు, "ఇంత టెన్షన్ పడితే మీకు ఎర్రగడ్డలో బెడ్ బుక్ చేయాలి" అని. ఈ రోజు జ్యోతి వెలిగించింది ఆయనే.

ఆయన మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. కరోనాతో బడులు మూతపడిన 2020లో మా మనసులు ఎవరికీ గుర్తు రాలేదేం? సొంత ఫోను, సొంత డేటాతో ఆన్‌లైన్ పాఠాలు చెప్పించుకుని మొదట సగం జీతం, తర్వాత పావు, ఆ తర్వాత "పరిస్థితి అర్థం చేసుకోండి". మాలో కొందరు కూరగాయలు అమ్మారు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటిస్తే, సంచి పట్టుకుని రేషన్ షాపు ముందు నిలబడ్డాం. ఆ రోజుల్లో బయాలజీ మేడం గాజులు కుదువ పెట్టి ఇద్దరికి ఇంటి అద్దె కట్టారు, అదీ తోడు అంటే. 1994 జనవరి 1 నాటి జీవో నంబర్ 1 ప్రకారం ఫీజుల్లో సగం సిబ్బంది జీతాలకు వెళ్లాలి, యాజమాన్యం లాభం 5 శాతం. నవ్వొస్తోందా? నాకూ వచ్చింది.

"బడులు తెరవగానే బకాయిలు ఇస్తాం" అన్న సందేశం నా ఫోనులో ఇప్పటికీ ఉంది. బడి తెరిచారు, ఆ మరుసటి ఏడాది రెండో బ్రాంచి కూడా తెరిచారు. బకాయిల మాట ఎత్తిన ఇద్దరికి మాత్రం రెన్యువల్ రాలేదు. మీలో ఎవరికైనా ఆ డబ్బు ముట్టిందా? ముట్టి ఉంటే ఆ యాజమాన్యం ఎవరో చెప్పండి, వెళ్లి దండం పెట్టుకుని అక్కడే ఉద్యోగం అడుగుతాను. సర్టిఫికెట్లు మాత్రం జిరాక్సులే తేగలను.