డ్రోగ్ ఊడిన డ్రిఫ్టర్ చెప్పేది గాలి కబురే

తూర్పు తీరం వెంట సముద్ర ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి సాగుతుందన్నది కొత్త సంగతేమీ కాదు. ఈ మార్పును కొలవడానికి నీళ్లలో వదిలే డ్రిఫ్టర్లు (ప్రవాహంతో పాటు కొట్టుకుపోయే తేలుడు పరికరాలు) ఎన్ని తేలుతున్నాయన్న లెక్కతో సరిపెట్టుకోవడం మానాలి. వాటిలో ఎన్నింటికి డ్రోగ్, అంటే కింద వేలాడే గొట్టం, ఇంకా ఉందో అడగాలి. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్‌కు చేరే సమాచారాన్నయినా, మరే దేశపు డేటానయినా చూడాల్సింది ఆ లెక్కతోనే.

ఆర్గో ఫ్లోట్లనే మరో రకం పరికరాల పని వేరు. అవి 1000 మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి 2000 మీటర్లకు దిగి, ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలుచుకుంటూ పైకొస్తాయి. పైపొర ప్రవాహాన్ని పట్టేది డ్రిఫ్టరే. పైన చిన్న బంతిలాంటి తేలుడు బోయా ఉంటుంది. దాని కింద 15 మీటర్ల లోతున, చిల్లులున్న పొడవాటి గుడ్డ గొట్టం తీగకు వేలాడుతుంది. అదే డ్రోగ్. అది ఉన్నంతకాలం బోయా నీటితో పాటే పోతుంది. గాలి సెకనుకు 10 మీటర్ల వేగంతో వీచినా, అది పక్కకు తోసేది సెకనుకు 0.7 సెంటీమీటర్లే.

అలల కుదుపుకు తీగ అలసి తెగుతుంది, లేదా వలకు చిక్కి ఊడుతుంది. అప్పుడు అదే గాలికి సెకనుకు దాదాపు 8.6 సెంటీమీటర్ల అదనపు వేగం వచ్చి పడుతుంది. అంటే రోజుకు ఏడు కిలోమీటర్ల పైచిలుకు దొంగ ప్రయాణం. అసలు ప్రమాదం దీని తర్వాత ఉంది. నైరుతి రుతుపవనాల కాలంలో గాలి ఒకవైపు తోస్తుంది, ఈశాన్య రుతుపవనాల కాలంలో దానికి ఎదురువైపు. కాబట్టి ఈ తప్పు కూడా రుతువును బట్టే దిశ మారుస్తుంది! ఎన్నేళ్ల సగటు తీసినా అది కరగదు, పైగా రుతుచక్రంలా ముస్తాబై గ్రాఫులో కూర్చుంటుంది. డ్రోగ్ పోయిన సంగతి పసిగట్టకపోవడం వల్ల ప్రపంచ డ్రిఫ్టర్ రికార్డులో లేని పోకడలు కనిపించాయని 2011లో పరిశోధకులు తేల్చారు కూడా.

గాలి లెక్కతో దిద్దుకోవచ్చు కదా అంటారు. ఖాళీలు పూడ్చడానికి సరే. కానీ దిద్దే సూత్రానికి ఆధారం గాలి అంచనాయే. ఆ అంచనాలో తప్పుంటే అదీ రుతువుతోనే మారుతుంది.

డ్రోగ్ ఉందో లేదో తెలుసుకోవడం కష్టమేం కాదు. తీగ మీది లాగుడును కొలిచే సెన్సర్ విలువ హఠాత్తుగా పడిపోతే, బోయా అలల్లో మునగడం తగ్గిపోతే, డ్రోగ్ పోయినట్టే. ఆ తేదీ నుంచి ఆ డ్రిఫ్టర్ కొలతలను వేరే గుర్తుతో దాచాలి.

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం గేజీ చెడితే ఆ రోజే బాగుచేస్తారు, వరద వెళ్లాక చూద్దాంలే అనరు. సముద్రానికీ ఆ పట్టింపే కావాలి. పరికరం కొన్న ఏడాది బడ్జెట్ ఎంత ముఖ్యమో, ప్రతి రుతువుకీ కొత్తది వదిలే బడ్జెట్ కూడా అంతే ముఖ్యం. ఫిబ్రవరికి ముందు చెన్నై, నెల్లూరు ఎదురుగా ఒక దఫా, అక్టోబరుకు ముందు పారాదీప్, గోపాల్‌పూర్ ఎదురుగా మరో దఫా, ప్రవాహానికి ఎగువన వదలాలి. లోతు 20 మీటర్లకు తగ్గకూడదు. తగ్గితే డ్రోగ్ అడుగుకు తగిలి అక్కడే ఆగిపోతుంది.