ఆర్ద్ర ఎరుపుకు పరుగు కారణం కాదు

"ఆర్ద్ర ఎర్రగా ఉందంటే మనకు దూరంగా పోతోందని. రైజెల్ నీలంగా ఉందంటే మనమీదికి దూసుకొస్తోందని. డాప్లర్ చెప్పిన సత్యం, పదిమందికీ పంపండి." కావలి నుంచి ఒంగోలు దాకా మా చుట్టాల గ్రూపులన్నిట్లో ఇదే తిరుగుతోంది. "నిజమేనా అబ్బయా?" అని మా మేనత్త ఫోన్ చేసింది.

కాదత్తా. గొల్లకావడి మూడు చుక్కలకు అటుపక్క చుక్క ఆర్ద్ర, ఇటుపక్క చుక్క రైజెల్. ఆర్ద్ర సెకనుకు సుమారు 22 కిలోమీటర్ల చొప్పున దూరమవుతున్న మాట నిజమే. కానీ ఆ నీలం రైజెల్ కూడా 18 చొప్పున దూరమే అవుతోంది. నిప్పుకణికలాంటి జ్యేష్ఠేమో సెకనుకు 3 కిలోమీటర్లు మనవైపే వస్తోంది. రంగు వేడిని బట్టి వచ్చేది: ఆర్ద్ర పైభాగం దాదాపు 3,500 కెల్విన్లు, రైజెల్‌ది 12,000.

మరి వేగానికి వెలుగు మారదా? మారుతుంది: దూరమయ్యేదాని వెలుగు కాస్త ఎరుపు వైపు, దగ్గరయ్యేదానిది నీలం వైపు జరుగుతుంది. డాప్లర్ సూత్రం అదే. కానీ ఆ తేడా కంటికి ఆనదు. బిట్రగుంటలో ఆగని ఎక్స్‌ప్రెస్ గంటకు 110 కిలోమీటర్ల వేగంతో హారన్ కొడుతూ మనల్ని దాటితే, ఆ కూత కచేరీ భాషలో సాధారణ గాంధారం (‘గ’) నుంచి షడ్జానికి (‘స’) జారినట్టుంటుంది. శబ్దం సెకనుకు 340 మీటర్లే కాబట్టి రైలు వేగం దాని ముందు లెక్కకొస్తుంది. వెలుగు వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. దాని ముందు 22 ఏపాటి?

పొయ్యి మంటలో ఉప్పుగల్లు పొడి చల్లితే పసుప్పచ్చగా భగ్గుమంటుంది కదా, అది ఉప్పులోని సోడియం వెలుగు, దాని అల పొడవు 589 నానోమీటర్లు (నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు). చుక్కల వెలుగును రంగులుగా విడదీస్తే అదే చోట నల్లగీత కనిపిస్తుంది. 22 కిలోమీటర్ల వేగానికి ఆ గీత జరిగేది 0.04 నానోమీటరు. వేగం తెలిసేది ఆ గీతల వల్లే, రంగు వల్ల కాదు.

"డాప్లర్ చెప్పాడు" అన్నది మాత్రం అబద్ధం కాదు, అదే తమాషా! 1842లో ఆస్ట్రియా శాస్త్రవేత్త డాప్లర్ జంట నక్షత్రాల రంగులకు వాటి కదలికే కారణమనుకున్నాడు. సూత్రం ఒప్పు, రంగుల మాట తప్పు. 1845లో డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ హాలండ్‌లో వాయిద్యగాళ్లను రైలెక్కించి బూరాలు ఊదించి, శబ్దానికి సూత్రం సరిపోతుందని తేల్చాడు. రంగుల సంగతి ఒప్పుకోలేదు: వెలుగంతా ఎరుపు వైపు జరిగినా, కంటికి కనపడని అతినీలలోహితం జరిగొచ్చి ఆ ఖాళీ పూడ్చేస్తుందన్నాడు. రంగు కాదు, ఆ నల్లగీతలు చూడమన్నది 1848లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫిజో.

ఇంకో సంగతి. భూమి కూడా సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్లు పరిగెడుతోంది. సెప్టెంబరులో ఆ పరుగు ఆర్ద్ర వైపే, అందుకని అప్పుడు దానికీ మనకూ దూరం తగ్గుతుంది. మార్చిలో మామూలుకంటే జోరుగా పెరుగుతుంది. సెప్టెంబరులో తెల్లారుజామున ముగ్గేసేటప్పుడు తలెత్తి చూడత్తా, దాదాపు నడినెత్తినే ఉంటుంది. మళ్లీ మార్చిలో పొద్దుగూకినాక చూసి, రంగేమన్నా మారిందేమో నువ్వే చెప్పు.