"పెళ్లయితే మానేస్తారు, వాళ్ల మీద ఖర్చు దండగ" అనే ఫార్వర్డ్‌కి నా జవాబు

ఈ మెసేజ్ మొన్న మా కాలేజీ గ్రూపులో వచ్చింది, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆఖరికి చుట్టాల గ్రూపులో కూడా. సారాంశం ఏంటంటే, సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఆడవాళ్ల కోసం పెట్టే స్పెషల్ ప్రోగ్రాములన్నీ దండగ, ఎందుకంటే పెళ్లయి పిల్లలు పుట్టగానే మానేస్తారు, ఆర్నెల్లు ఊరికే జీతం ఇవ్వాల్సొస్తుంది, డైవర్సిటీ పేరు చెప్పి మెరిట్ ఉన్న మగపిల్లల ఉద్యోగాలు వీళ్లకి ఇచ్చేస్తున్నారు, అసలు కోడింగ్ ఆడవాళ్ల స్వభావానికి పడదు, పెద్ద పోస్టులు ఇస్తామన్నా వాళ్లే వద్దంటారు. కింద "నిజం చేదుగా ఉంటుంది, పది మందికీ పంపండి" అని. చదువుకున్నవాళ్లు, మా సీనియర్లు, నేను అన్నయ్యా అని పిలిచేవాళ్లు కూడా దానికి థమ్సప్ పెట్టారు. నేను చాలా ఏళ్లుగా హైదరాబాద్‌లో ఇదే ఫీల్డ్‌లో ఉన్నా, ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చుంటా, అప్రైజల్ (ఏడాది పనికి రేటింగ్ ఇచ్చే) మీటింగుల్లో కూర్చుంటా. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెప్తున్నా, కాస్త పొడుగే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు "మానేస్తారు" అన్న మాట. టీసీఎస్ అంటే మన దేశంలో అన్నిటికంటే ఎక్కువమంది ఆడవాళ్లు పనిచేసే కంపెనీల్లో ఒకటి, వాళ్ల స్టాఫ్‌లో మూడో వంతు పైనే ఆడవాళ్లు. ఆ కంపెనీ 2022-23 వార్షిక నివేదికలో అప్పటి హెచ్ఆర్ హెడ్ మిలింద్ లక్కడ్ ఏం చెప్పారంటే, మా దగ్గర ఆడవాళ్ల అట్రిషన్ (ఉద్యోగం వదిలి వెళ్లేవాళ్ల శాతం) ఎప్పుడూ మగవాళ్లతో సమానంగానో ఇంకా తక్కువగానో ఉండేది, ఈ ఒక్క ఏడాదే ఎక్కువైంది, కోవిడ్‌లో ఇంటి నుంచి పని చేయడం వల్ల ఇళ్లలో ఏర్పాట్లు మారిపోవడం కారణం అయ్యుండొచ్చు అని. ఈ మాట రెండోసారి చదవండి. లక్షల మంది ఆడవాళ్లు పనిచేసే చోట, ఏళ్ల తరబడి, మగవాళ్ల కంటే ఎక్కువగా మానేసింది లేదు. ఎక్కువైన ఏడాది కూడా ఏది? అందరినీ ఆఫీసుకి రమ్మన్న ఏడాది.

ఇంకోటి, ట్రైనింగ్ ఇస్తే వెళ్లిపోతారు అనేదే మీ బాధ అయితే, 2022 జూన్ క్వార్టర్‌లో ఇన్ఫోసిస్ అట్రిషన్ 28.4 శాతం. వాళ్లంతా పెళ్లి చేసుకుని వెళ్లారా? జీతం హైక్ కోసం వెళ్లారు, చేతిలో రెండు మూడు ఆఫర్లు పెట్టుకుని, నోటీస్ పీరియడ్‌లో ఇంకో ఆఫర్ వెతుక్కుంటూ వెళ్లారు, ఆడా మగా అందరూ. దాన్ని మనం కెరీర్ గ్రోత్ అంటాం, తప్పని కూడా అనం. అదే ఒకమ్మాయి పిల్లాడి కోసం ఏడాది ఆగితే మాత్రం ట్రైనింగ్ ఖర్చు లెక్క బయటికి తీస్తాం.

మానేసేవాళ్లు అసలు లేరని నేను అనట్లేదు, ఉన్నారు, నా కళ్లముందే మానేశారు. కానీ ఎలా మానేశారో ఫార్వర్డ్ రాసినాయనకి తెలీదు, లేదా చెప్పడం ఇష్టం లేదు. నాతో పనిచేసిన ఒకమ్మాయి సంగతి చెప్తా, పేరు వద్దు, కంపెనీ పేరూ వద్దు. పేమెంట్స్ మాడ్యూల్ మొత్తం ఆమె చేతిలో ఉండేది, ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోతే అర్ధరాత్రి అయినా ముందు ఆమెకే ఫోన్. డెలివరీకి వెళ్లి ఆర్నెల్ల తర్వాత వచ్చింది. వచ్చేసరికి మాడ్యూల్ వేరేవాళ్లకి ఇచ్చేశారు, మేనేజర్ మారిపోయాడు, ఆ కొత్తాయనకి ఈమె ఎవరో తెలీదు. అప్రైజల్‌లో "సగం ఏడాదే ఉంది కదా" అని మామూలు రేటింగ్ వేశారు. ప్రాజెక్టు ఏదీ ఇవ్వకుండా బెంచ్‌లో కూర్చోబెట్టి, తర్వాత డాక్యుమెంట్లు అప్‌డేట్ చేసే పని ఇచ్చారు. క్లయింట్ కాల్ రాత్రి ఏడున్నరకి, డేకేర్ ఆరున్నరకే మూసేస్తారు, భర్తకీ అదే టైంలో కాల్, ఆయన కాల్ మాత్రం ఎప్పుడూ ముఖ్యమే. అత్తగారు ఊరి నుంచి వచ్చి ఉన్నన్నాళ్లు నడిచింది, ఆమెకి మోకాళ్ల నొప్పులొచ్చి వెళ్లిపోయాక నడవలేదు. చివరికి రిజైన్ చేసింది. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో కారణం దగ్గర "పర్సనల్" అని టిక్ పెట్టింది, ఎందుకంటే ఆ ఫారంలో వేరే కారణం రాయడానికి చోటే లేదు. ఇప్పుడు అదే టిక్కుని చూపించి ఆడవాళ్లు మానేస్తారు అంటున్నారు.

కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైం యూజ్ సర్వే ప్రకారం, ఇంటి పని చేసే ఆడవాళ్లు జీతం లేని ఆ పనికి రోజుకి 289 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. అసలు ఏ పనీ ముట్టని మగవాళ్లు ఈ 88లో లేరు కూడా. ఆ తేడా మూడు గంటల పైనే, రోజూ. కొత్త టెక్నాలజీ నేర్చుకునేదీ, సర్టిఫికేషన్ చదివేదీ, ఇంటర్వ్యూకి ప్రిపేర్ అయ్యేదీ మగవాళ్లకైతే ఆ మూడు గంటల్లోనే.

పెళ్లికీ పనికీ పడదు అనేవాళ్లకి మన తెలుగావిడ అయ్యలసోమయాజుల లలిత గురించి చెప్పాలి. 1919లో పుట్టారు, 15వ ఏట పెళ్లి, 18వ ఏట భర్త పోయారు, చేతిలో నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్, ఆయన పట్టుబట్టి అక్కడే చేర్పించారు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి మన దేశపు మొదటి మహిళా ఇంజనీర్లలో ఒకరయ్యారు, భాక్రా నంగల్ డ్యామ్ జనరేటర్ల పనిలో ఉన్నారు, 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల మొదటి అంతర్జాతీయ సదస్సుకి వెళ్లారు. ఆ రోజుల్లో, ఆ పరిస్థితిలో ఆమె నిలబడిందంటే తెలివితో పాటు వెనక ఒక తండ్రి ఉన్నాడు, కాలేజీ తలుపు తీసింది. సపోర్ట్ అంటే ఇదే, దీన్నే దండగ అంటున్నారు.

రెండోది ఆర్నెల్ల లీవు. 2017లో మెటర్నిటీ చట్టం సవరించాక మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు జీతంతో సెలవు, అంతకుముందు 12 వారాలు ఉండేది. ఇద్దరు పిల్లలంటే మొత్తం 52 వారాలు, ముప్పై ఏళ్లకి పైగా ఉండే కెరీర్‌లో ఒక్క ఏడాది. అదీ అందరూ పూర్తిగా వాడుకుంటేనే. దీనికోసం ఒక మనిషిని ఉద్యోగంలోకే తీసుకోకూడదు అనడం లెక్కకి నిలబడే మాట కాదు.

కానీ ఈ పాయింట్‌లో ఒక నిజం ఉంది, దాన్ని దాటేయను. ఈఎస్ఐ పరిధిలో లేని ఉద్యోగులకి ఆ జీతం భారం మొత్తం కంపెనీ మీదే పడుతుంది, ఐటీలో దాదాపు అందరూ ఈఎస్ఐ జీతం పరిమితి దాటినవాళ్లే. పెద్ద కంపెనీ మోస్తుంది, ఇరవై మందితో నడిచే స్టార్టప్‌కి నిజంగానే కష్టం. అయితే దానికి మందు ఆడవాళ్లని తీసేయడం కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 183వ ఒప్పందంలో ఉన్నదేంటంటే, ఈ డబ్బు సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధి నుంచో రావాలి, యజమాని ఒక్కడి నెత్తిన పెట్టకూడదు అని. అడిగితే దాన్ని అడగాలి. అలాగే తండ్రికి కూడా సెలవు అడగాలి, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికైతే 15 రోజులు ఉంది, ప్రైవేటులో పనిచేసే తండ్రికి చట్టంలో ఒక్క రోజు కూడా రాసి లేదు. తండ్రి కూడా రెండు నెలలు సెలవు పెట్టే రోజు వస్తే, "ఈ అమ్మాయిని తీసుకుంటే లీవు పెడుతుందేమో" అనే భయానికి అర్థమే ఉండదు, ఎవర్ని తీసుకున్నా అంతే కాబట్టి. అదే 2017 సవరణలో 50 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థ క్రెష్ (ఉద్యోగుల చిన్నపిల్లల్ని చూసుకునే చోటు) సౌకర్యం కల్పించాలని కూడా పెట్టారు. మీ ఆఫీసులో క్రెష్ ఎక్కడుందో చెప్పగలరా? ఫార్వర్డ్‌లో లీవు సంగతి రాసినాయన క్రెష్ సంగతి ఎందుకు రాయలేదు?

మెరిట్ గురించి. ఫార్వర్డ్‌లో అబ్బాయిల అవకాశాలు లాక్కుంటున్నారన్నారు కదా, ఐఐటీల్లో అమ్మాయిలకి 2018 నుంచి ఇచ్చేవి సూపర్‌న్యూమరరీ సీట్లు, అంటే అదనంగా కలిపినవి, అబ్బాయిల సీటు ఒక్కటి కూడా తగ్గలేదు, పైగా ఆ అమ్మాయిలు కూడా జేఈఈ అడ్వాన్స్‌డ్ క్వాలిఫై అవ్వాల్సిందే. మన రెండు రాష్ట్రాల్లో ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్‌లో మూడో వంతు సీట్లు అమ్మాయిలకి ఉన్నాయి, నిజమే, కానీ సీటు వచ్చాక సబ్జెక్టులు వాళ్లే పాసవ్వాలి, క్యాంపస్‌లో కోడింగ్ రౌండ్ వాళ్లే రాయాలి. కొన్ని కంపెనీలు, ఉద్యోగులెవరైనా తెలిసిన అమ్మాయిని రిఫర్ చేస్తే బోనస్ ఎక్కువిస్తాయి, అదీ నిజమే, ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు మాత్రం అవే, ప్యానెల్లో కూర్చునేదాన్ని కాబట్టి చెప్తున్నా. రిఫరల్స్ ఎలా వస్తాయో మీకు తెలీదా, హాస్టల్ రూమ్మేట్లు, క్రికెట్ టీం, రాత్రి బిర్యానీకి వెళ్లే బ్యాచ్, అందులో అమ్మాయిలెంతమంది ఉంటారు? దాన్ని ఎవరూ రిజర్వేషన్ అనరు.

మెరిట్‌ని పేరు చూడకుండా కొలిస్తే ఏమవుతుందో కూడా తెలుసు. ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో లక్షల పుల్ రిక్వెస్టులు (నా కోడ్ మీ ప్రాజెక్టులో కలపండి అని పంపేవి) తీసుకుని అమెరికా పరిశోధకులు చేసిన స్టడీ 2017లో అచ్చయింది. మొత్తం మీద ఆడవాళ్ల కోడ్ 78 శాతానికి పైగా యాక్సెప్ట్ అయితే మగవాళ్లది 74 శాతం పైచిలుకు. కానీ ప్రాజెక్టుకి కొత్తగా వచ్చినవాళ్లలో, ప్రొఫైల్ చూడగానే ఆడవాళ్లని తెలిసిపోయే చోట మాత్రం వాళ్ల శాతం మగవాళ్ల కంటే కిందకి పడింది. 2018లో అమెజాన్ సంగతి బయటికొచ్చింది కదా, రెజ్యూమెలు జల్లెడ పట్టడానికి తయారుచేసిన టూల్ పాత నియామకాలు చూసి నేర్చుకుని, ఆడవాళ్లకి సంబంధించిన మాట కనిపిస్తే మార్కులు తగ్గించేది, దాన్ని పక్కన పడేశారు. పాత పద్ధతిలో ఎంత వంకర ఉందో ఆ మెషీన్ బయటపెట్టింది.

ఇక "స్వభావానికి పడదు" అన్నదానికి ఎక్కువ టైం ఇవ్వను. 1946లో ప్రపంచానికి చూపించిన ఎనియాక్ కంప్యూటర్‌ని ప్రోగ్రామ్ చేసింది ఆరుగురు ఆడవాళ్లు. 1952లో కంపైలర్ (మనిషి రాసిన ప్రోగ్రామ్‌ని కంప్యూటర్ భాషలోకి మార్చేది) అనే ఆలోచనని పనిలో పెట్టి చూపింది అమెరికన్ మహిళ గ్రేస్ హాపర్. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీల్లో ఆడవాళ్లు 1980ల మధ్యలో 37 శాతం దాకా ఉండి, తర్వాత పాతిక ఏళ్లలో సగానికి పడిపోయారు. అదే టైంలో మన ఇంజనీరింగ్ కాలేజీల కంప్యూటర్ సైన్స్ (సీఎస్ఈ) క్లాసులు అమ్మాయిలతో నిండాయి, మలేషియాలోనూ అంతే. స్వభావమైతే దేశం మారితే మారుతుందా, పాతికేళ్లలో మారుతుందా?

ఆఖరిది, పెద్ద పోస్టులు వాళ్లే వద్దంటారు అన్నది. అమెరికా ఆర్థికవేత్త క్లాడియా గోల్డిన్‌కి 2023లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది ఇలాంటి విషయం మీద చేసిన పనికే. ఒకే చదువు, ఒకే ఉద్యోగం ఉన్న ఆడా మగా మధ్య జీతం తేడా ఎక్కువగా మొదటి బిడ్డతో మొదలవుతుందనీ, ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలికేవాళ్లకే ఎక్కువ డబ్బు ఇచ్చే ఉద్యోగాల్లో అది ఇంకా పెరుగుతుందనీ ఆమె చూపించారు. మన ఐటీ మేనేజర్ పోస్టు అచ్చం అలాంటిదే. వద్దన్నది పోస్టుని కాదు, రాత్రి పదకొండు దాకా కాల్స్‌లో ఉండాలి అనే షరతుని. ఆ షరతు మార్చి చూసినవాళ్లున్నారు. ఇంగ్లండ్‌లో స్టెఫనీ షర్లీ 1962లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి, పెళ్లి, పిల్లల వల్ల ఉద్యోగాలు వదిలేసిన ప్రోగ్రామర్లని వెతికి ఇంటి నుంచే పని చేయించారు, మొదటి 300 మందిలో మగవాళ్లు ముగ్గురే. ఉత్తరాల కింద ఆడపేరు చూస్తే ఎవరూ జవాబివ్వట్లేదని స్టీవ్ అని సంతకం పెట్టేవారు. కాంకార్డ్ విమానం బ్లాక్ బాక్స్ ప్రోగ్రామింగ్ చేసింది వాళ్లే, కాగితం మీద, పెన్సిల్‌తో, ఇళ్లల్లో కూర్చుని.

థమ్సప్ పెట్టిన అన్నయ్యల్లో చాలామంది మేనేజర్లే, కాబట్టి సూటిగా అడుగుతున్నా. మీ టీంలో ఈ ఏడాది మెటర్నిటీ లీవు నుంచి వచ్చినవాళ్ల రేటింగ్ ఓసారి తెరిచి చూడండి, పనిచేసిన నెలలకి రేటింగ్ ఇచ్చారా, లేని నెలలకి ఇచ్చారా. వెళ్లేముందు ఏ పని చేసేదో అదే పని తిరిగిచ్చారా. ఇంటర్వ్యూలో అబ్బాయిని అడగని "పెళ్లెప్పుడు, పిల్లల్ని ఎవరు చూసుకుంటారు" అన్న ప్రశ్న అమ్మాయిని అడుగుతున్నారా. మూడేళ్ల గ్యాప్ ఉన్న రెజ్యూమె వస్తే పక్కన పెట్టేస్తున్నారా, ఒక కోడింగ్ రౌండ్ పెట్టి చూస్తున్నారా. ఏడున్నర కాల్‌ని వారంలో రెండు రోజులైనా పొద్దునకి మార్చమని క్లయింట్‌ని ఎప్పుడైనా అడిగారా. నేను అడిగా, మా క్లయింట్ ఒప్పుకున్నాడు, ఇంతవరకూ ఒక్క రిలీజ్ కూడా లేట్ అవ్వలేదు.