ఒకటిన్నర టన్ను ఏసీ ఐదు కిలోవాట్లు లాగదు

ఎండలు ముదిరాయంటే హైదరాబాద్ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. "టన్ను అంటే 3.5 కిలోవాట్లు. ఒకటిన్నర టన్ను ఏసీకి 5 కిలోవాట్ల పైనే కావాలి, అంటే 23 యాంపులు. 32 యాంపుల ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే లైను కట్ చేసే స్విచ్) వేయించుకోండి. ఇన్వర్టర్ ఏసీకి సగం లెక్కేస్తే చాలు. కనెక్షన్ లోడూ పెంచుకోండి." ఇళ్లకు వైరింగ్ పనులు చేయించేవాణ్ని కాబట్టి దీన్ని నమ్మినవాళ్ల స్విచ్‌బోర్డులు నేనే విప్పాల్సి వస్తోంది.

3.5 కిలోవాట్లు అనేది ఏసీ గంట గంటకూ గదిలోంచి తోడిపోసే వేడి లెక్క. ఐస్‌తో చల్లబరిచే కాలంలో, ఒక టన్ను ఐస్ 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి పడుతుందో దాన్నే కొలతగా పెట్టుకున్నారు. ఆ వేడిని బయటికి మోయడానికి మాత్రమే ఏసీకి కరెంటు కావాలి, అది మోసే వేడిలో మూడో వంతో అంతకన్నా తక్కువో. అందుకే ఒకటిన్నర టన్ను ఏసీ మామూలుగా 1.5 నుంచి 1.8 కిలోవాట్లు తీసుకుంటుంది, 230 వోల్టుల దగ్గర ఏడెనిమిది యాంపులు. యూనిట్‌కు అంటించిన ప్లేటు మీద ఈ అంకె ఉంటుంది. స్టెబిలైజర్ మీద 4 కేవీఏ అని చూసి మెసేజే నిజమనుకుంటారు కొందరు. అది స్టెబిలైజర్ ఎంత మోయగలదో చెప్పే అంకె.

నాకు అసలు భయం 32 యాంపుల సలహాతోనే. ఎంసీబీ ఉన్నది గోడలోని వైరును కాపాడటానికి. కిందటి వేసవిలో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫ్లాట్‌కు వెళ్లాను. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరున్న లైనుకే రెండో ఏసీనీ కలిపారు, ఇస్త్రీ పెట్టే ప్లగ్గూ దాని మీదే. 16 యాంపుల ఎంసీబీ పదే పదే ట్రిప్ అవుతోందని తీసేసి 32 పెట్టించారు. ఆ తర్వాత ట్రిప్ అవలేదు. రాత్రి కమురు వాసనకు ఆ ఇంటి పెద్దావిడ లేచి చూస్తే జాయింటు దగ్గర వైరు తొడుగు కరిగిపోయి ఉంది. పక్కనే పిల్లల మంచం. రెండో ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో విడిగా లైను లాగి, 20 యాంపుల సి టైపు ఎంసీబీ వేయించాం. కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు ఒక్క క్షణం ఎక్కువ కరెంటు లాగినా సి టైపు తట్టుకుంటుంది.

ఇన్వర్టర్ ఏసీ గది చల్లబడ్డాక నెమ్మదిస్తుంది, బిల్లు తగ్గుతుంది, అంతవరకు నిజం. మే నెల మధ్యాహ్నం ఆన్ చేసిన కాసేపు మాత్రం పూర్తిగా లాగుతుంది. వైరూ ఎంసీబీ ఆ గరిష్ఠ కరెంటుకే చూసుకోవాలి.

ఏసీ కొన్నాక కనెక్షన్ లోడు, అంటే ఇంటి కనెక్షన్‌కు రాయించుకున్న కిలోవాట్లు, పెంచుకోమనడం మాత్రం మంచి మాట. కానీ ఆ మెసేజ్ లెక్కన రెండు ఏసీలకు పదిన్నర కిలోవాట్లు రాయిస్తే ఫిక్స్‌డ్ ఛార్జీ అనవసరంగా కడతారు. రెండింటికీ మూడున్నర, ఫ్రిజ్, ఫ్యాన్లు, మిగతావి కలిపితే చాలా ఇళ్లకు ఐదు సరిపోతుంది. గీజర్ చలికాలపుది కాబట్టి ఏసీలతో కలపక్కర్లేదు. రాత్రి అన్ని బెడ్‌రూముల ఏసీలూ ఒకేసారి నడుస్తాయి, వాటిలో దేన్నీ వదలకండి. కరెంటు పంపిణీ సంస్థ టీజీఎస్పీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టే ముందు మీటరు తెర మీద ఎండీ అని వచ్చే అంకె రాసుకోండి. ఆ నెలలో మీ ఇంటి మీద పడిన గరిష్ఠ లోడు అదే.