సన్న పైపుతో ప్రెషర్ పెరగదు, గాలి పైపు మూస్తే అసలుకే మోసం

పై అంతస్తు ఫ్లాట్‌లో నీళ్లు నీరసంగా వస్తున్నాయా అంటూ ఒక సలహా తెగ షేర్ అవుతోంది. అందులో చెప్పేవి నాలుగు. పెద్ద ట్యాంకు పెట్టించండి, నీళ్ల బరువుకి ప్రెషర్ పెరుగుతుంది. పైపు సన్నది వేయించండి, ధార జోరుగా వస్తుంది. ట్యాంకు పక్కన పైకి లేచి ఉన్న గాలి పైపు మూసేయండి, ప్రెషర్ అందులోంచే పోతోంది. అప్పటికీ చాలకపోతే లైనుకి మోటారు బిగించేయండి. ఇవి నమ్మి గోడలు పగలగొట్టించుకున్నాక కూడా అదే సన్నధార కింద స్నానం చేయాల్సి రావడం అన్యాయం. అందుకే ఒక్కొక్కటే తీసుకుని చెబుతున్నాను.

ముందు ట్యాంకు. ప్రెషర్‌ని ఇచ్చేది నీళ్ల పరిమాణం కాదు, ఎత్తు. ట్యాంకులో నీటిమట్టం కొళాయి కంటే ఎంత పైన ఉందన్నదే లెక్క. ఈ సంగతి 1586లోనే సైమన్ స్టెవిన్ అనే ఫ్లెమిష్ గణిత శాస్త్రవేత్త చూపించాడు. 10 మీటర్ల ఎత్తుకి సుమారు 1 బార్ (ప్రెషర్‌ని కొలిచే ప్రమాణం) ప్రెషర్ వస్తుంది. పై అంతస్తులో షవర్‌కీ నీటిమట్టానికీ మధ్య 2 మీటర్లే ఉంటే వచ్చేది 0.2 బార్. అదే ట్యాంకు కింద, మీకంటే ఐదు అంతస్తులు దిగువన ఉన్నవాళ్లకి 17 మీటర్లు, అంటే 1.7 బార్. 500 లీటర్ల ట్యాంకు తీసేసి, అదే ఎత్తున్న 2000 లీటర్ల వెడల్పాటి ట్యాంకు పెట్టినా మీ షవర్‌కి ఒరిగేదేమీ లేదు. నీళ్లు ఎక్కువసేపు వస్తాయి, అంతే. ట్యాంకుని దిమ్మె మీదకి ఎత్తితే మాత్రం నిజంగా ఫలితం ఉంటుంది. అయితే ఎత్తు రెట్టింపైతే ప్రవాహం రెట్టింపు కాదు, సుమారు 1.4 రెట్లవుతుంది. పైగా 1000 లీటర్లంటే ఒక టన్ను బరువు. శ్లాబు మోస్తుందో లేదో ఇంజినీరు చూడకుండా ఎత్తకూడదు.

ఇక సన్న పైపు. నలుగురూ ఇట్టే నమ్మేసేది దీన్నే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. తోటకి నీళ్లు పెట్టేటప్పుడు గొట్టం మూతికి బొటనవేలు అడ్డం పెడితే ధార దూరంగా చిమ్ముతుంది కదా, అందుకే నిజమనిపిస్తుంది. అక్కడ జరిగేది వేరు. వేలు అడ్డం పెట్టగానే గొట్టంలో పారే నీరు తగ్గుతుంది. దాంతో దారిలో రాపిడికి పోయే ప్రెషర్ కూడా తగ్గి, మూతి దగ్గర ఎక్కువ మిగులుతుంది. అది వేగంగా మారి చిమ్ముతుంది. అలా పట్టుకుని బకెట్ నింపి చూడండి, మామూలు కంటే ఎక్కువసేపు పడుతుంది. మూతి సన్నబడటం వేరు, దారంతా సన్నబడటం వేరు. పైపు లోపలి వ్యాసం సగమైతే, అంతే నీరు పారడానికి రాపిడికి పోయే ప్రెషర్ సుమారు 32 రెట్లు పెరుగుతుంది. కింది అంతస్తు వాళ్లు ఆ నష్టాన్ని కొంత తట్టుకుంటారు. మీకున్నదే 2 మీటర్లు, దాన్ని పైపుకి ధారపోస్తే షవర్‌కి ఏం మిగులుతుంది?

కాబట్టి చేయాల్సింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. వీలైతే ట్యాంకు నుంచి పై ఫ్లాట్‌కి విడిగా ఒక లైను, అదీ లావు పైపుతో వేయించుకోవాలి. ఎల్బోలు, అంటే పైపు మలుపులు తగ్గించాలి. పూర్తిగా తెరుచుకునే బాల్ వాల్వ్ పెట్టాలి. పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపు లోపల తుప్పు పేరుకుని ఉంటే అది ఇప్పటికే సన్న పైపు కింద లెక్క, మార్చాల్సిందే.

గాలి పైపు మూయమనడం మాత్రం శుద్ధ తప్పు. దాని మూతి నీటిమట్టం కంటే పైన ఉంటుంది, దాంట్లో నీళ్లు ట్యాంకు మట్టాన్ని దాటి లేవవు. అందులోంచి పోయే ప్రెషర్ ఏదీ లేదు. పొద్దున్నే కింది ఫ్లాట్లన్నీ ఒకేసారి కొళాయిలు తిప్పినప్పుడు, ఉమ్మడి పైపులో నీరు వేగంగా కిందికి దిగుతూ పైభాగంలో వెలితి పుట్టిస్తుంది. అప్పుడు గాలి లోపలికి రావడానికే ఆ పైపు ఉంది. అది మూసేస్తే మీ కొళాయి నీళ్లు ఇవ్వడం మాని గాలి పీల్చుకోవచ్చు. ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నిండాక లైనులో గాలి ఇరుక్కుపోయే బెడద కూడా పెరుగుతుంది.

మోటారు దగ్గరికి వెళ్లే ముందు, ఆ సలహాలో లేని పని ఒకటుంది. ఒక్క కొళాయే నీరసంగా ఉంటే దాని జాలీ విప్పి, పేరుకున్న సున్నాన్ని వెనిగర్‌లో నానబెట్టి వదిలించండి. యాంగిల్ కాక్, అంటే కొళాయికి వచ్చే నీళ్లు ఆపే గోడ దగ్గరి చిన్న వాల్వ్, సగమే తెరిచి ఉందేమో చూడండి. వేడినీళ్లే తగ్గితే లోపం గీజర్ వైపు ఉంది. అన్నీ తగ్గితే ట్యాంకు దగ్గరి వాల్వ్ పూర్తిగా తెరిచారా, అడుగు మడ్డి పైపులోకి చేరిందా అన్నది చూడాలి. కింది వాళ్లు నీళ్లు వాడినప్పుడే తగ్గితే ఉమ్మడి పైపు చాలడం లేదని అర్థం.

ఇవన్నీ చూశాకా చాలకపోతే మోటారు సరైన మందే, కాకపోతే పెట్టే చోటు ముఖ్యం. వీధి లైనుకి నేరుగా బిగిస్తే పగుళ్లలోంచి మురుగు కూడా లోపలికి లాగుతుంది. చాలాచోట్ల అది నిషేధం కూడా. ఉమ్మడి పైపు మీద పెడితే పక్కవాళ్ల నీళ్లు గుంజుకున్నట్టే. ట్యాంకు నుంచి మీకు మాత్రమే వచ్చే లైను మీద, కొళాయి తిప్పగానే దానంతటదే నడిచేలా ప్రెషర్ స్విచ్ ఉన్న చిన్న బూస్టర్ మోటారు పెట్టించుకోండి. అది ఇచ్చే ప్రెషర్ మీ గీజర్ మీద రాసి ఉన్న గరిష్ఠ పరిమితి కంటే తక్కువ ఉండేలా చూసి కొనండి.